మియాటాతో ఒక ఆటోక్రాస్ సీజన్, ఆ తర్వాతి చలికాలంలో చేసిన మార్పులు: కేస్ స్టడీ

కారు 2019 మాజ్డా మియాటా, రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, మాన్యువల్ గేర్లతో వచ్చే క్లబ్ మోడల్. ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. నడిపేది ఇద్దరం: నేను, ఆఫీసులో నాకు జూనియర్‌గా చేరి తమ్ముడిలా కలిసిపోయిన ఒక గుంటూరు అబ్బాయి. ఈ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో చాలామందిలాగే మా ఇద్దరి ఉద్యోగాలూ కార్ల పరిశ్రమలోనే, కానీ పనంతా కంప్యూటర్ ముందే, స్పానర్ పట్టుకునేది శని, ఆదివారాలే. ఒక ఆటోక్రాస్ సీజన్ (కోన్ల మధ్య గడియారంతో పోటీపడి కారు నడిపే ఆట ఇది) పొడుగునా ఆ కారు ఎక్కడ వెనకబడింది, నవంబర్ నుంచి మార్చి దాకా దాని మీద ఏం మార్చాం, ఏం మార్చకుండా వదిలేశాం, మార్చినదాని వల్ల ఎంత టైం తగ్గింది అన్నది ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

రాయడానికి కారణం ఉంది. ఆటోక్రాస్ మొదలుపెడదామనుకునే మనవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు, ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది "ఏ పార్టులు వేయించాలి?" అనే. మొదటి సీజన్‌లో ఏమీ వేయించొద్దనే నేను గట్టిగా చెబుతాను. ప్రతి ఈవెంట్‌లో ఎక్కడ టైం పోయిందో, టైరు ఎలా అరిగిందో రాసుకోండి, చలికాలంలో ఆ నోట్‌బుక్‌లో ఏ సమస్య మళ్ళీ మళ్ళీ కనిపిస్తే దానికి మాత్రమే డబ్బు తీయండి. మా కారు విషయంలో ఆ నోట్‌బుక్ ఎక్కడికి తీసుకెళ్ళిందో చూస్తే ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో తెలుస్తుంది.

కొత్తవాళ్ళ కోసం పోటీ సంగతి క్లుప్తంగా. ఇండియాలో ఎఫ్ఎమ్ఎస్‌సీఐ (అక్కడి మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య) కింద జరిగే ఆటోక్రాస్‌లు ఎక్కువగా మట్టి ట్రాక్ మీదే ఉంటాయి. ఇక్కడ అమెరికాలో పెద్ద పార్కింగ్ లాట్‌లోనో, పాత ఎయిర్‌పోర్ట్ రన్‌వే మీదో కోన్లు పేర్చి కోర్సు గీస్తారు. పక్కన ఇంకో కారుతో పోటీ ఉండదు, గడియారంతోనే. ఒక రన్ నలభై సెకన్ల నుంచి నిమిషం లోపు అయిపోతుంది, మియాటాలో దాదాపు కోర్సంతా సెకండ్ గేర్‌లోనే. కోన్ చుట్టూ సుద్దతో ఒక పెట్టె గీసి ఉంటుంది, కోన్ పడినా, ఆ పెట్టెలోంచి పూర్తిగా బయటికి జరిగినా రెండు సెకన్ల పెనాల్టీ. ఒక గేటు (రెండు కోన్ల మధ్య దారి) తప్పిస్తే ఆ రన్ లెక్కలోకే రాదు. టైం సెకనులో వెయ్యో వంతు దాకా కొలుస్తారు. నడపనప్పుడు మనం కూడా కోర్సు మీద నిలబడి వేరేవాళ్ళు పడేసిన కోన్లు తీసి పెట్టాలి, ఆ డ్యూటీ అందరికీ ఉంటుంది. నాకైతే ఆ డ్యూటీ చాలా ఇష్టం, ఎందుకంటే మంచి డ్రైవర్లు ఒక మలుపులోకి ఎక్కడ బ్రేక్ వదులుతున్నారో పది అడుగుల దూరం నుంచి ఉచితంగా చూసే చోటు ఇంకెక్కడా దొరకదు.

పోటీలు నడిపే వాటిలో పెద్దది ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా), 1944లో పుట్టిన క్లబ్. ఈ ఆటని వాళ్ళు సోలో అంటారు. ఏటా సెప్టెంబర్‌లో నెబ్రాస్కాలోని లింకన్ ఎయిర్‌పార్క్‌లో జాతీయ పోటీలు జరుగుతాయి, 2009 నుంచి అక్కడే. వెయ్యిమందికి పైగా వస్తారు. రెండు వేర్వేరు కోర్సులు, రోజుకొకటి, ఒక్కోదాని మీద మూడే రన్లు, రెండింటిలో మంచి టైములు కలిపితే ఫలితం. మాకు అక్కడికి దాదాపు 800 మైళ్ళు. అక్కడ నిలబడగలిగేలా కారునీ మమ్మల్నీ తయారు చేసుకోవాలన్నదే ఈ మొత్తం ప్రయత్నం వెనక ఉన్న కోరిక.

మేం పోటీ చేసేది స్ట్రీట్ కేటగిరీలో. ఇందులో రూల్స్ చాలా బిగువు, అందుకే నాకు నచ్చింది. 2014లో పాత స్టాక్ కేటగిరీని స్ట్రీట్‌గా మార్చినప్పుడు రేసు టైర్లు తీసేసి రోడ్డు టైర్లే వాడాలన్నారు, ఇప్పుడు టైరు మీద ట్రెడ్‌వేర్ అంకె (రబ్బరు ఎంత కాలం మన్నుతుందో చెప్పేది, తక్కువైతే మెత్తటి రబ్బరని) కనీసం 200 ఉండాలి. షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు, స్ప్రింగులు మార్చకూడదు, కారు ఎత్తు తగ్గించకూడదు. ముందు స్వే బార్ (మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ) గానీ వెనక స్వే బార్ గానీ, ఏదో ఒకటే మార్చాలి. చక్రం వెడల్పు కంపెనీ ఇచ్చినంతే ఉండాలి. బ్రేక్ ప్యాడ్లు, వెనక సైలెన్సర్ భాగం మన ఇష్టం. అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణాలు) మాత్రం కారులో కంపెనీ పెట్టిన బోల్టులు ఎంతవరకు తిరిగితే అంతవరకే. ఇంత తక్కువ చోటు ఉన్నప్పుడు ప్రతి మార్పూ ఆలోచించి చెయ్యాల్సి వస్తుంది, పర్సు బరువుగా ఉన్నవాడికి పెద్దగా లాభం ఉండదు.

ఎలా కొలిచాం

ఈ ఆటలో కొలత అన్నింటికంటే కష్టమైన విషయం. ప్రతి ఈవెంట్‌కీ కోర్సు మారుతుంది, కాబట్టి పోయిన నెల టైంతో ఈ నెల టైం పోల్చడానికి లేదు. రేస్ ట్రాక్ మీద తిరిగేవాళ్ళకి ల్యాప్ టైం అనే ఒక స్థిరమైన అంకె ఉంటుంది, మనకి అది లేదు. వేర్వేరు క్లాసుల కార్లని పోల్చడానికి పాక్స్ అనే గుణకం ఉంది, మా క్లాసుకి అది 0.81 చుట్టుపక్కల ఉండేది, అంటే 50 సెకన్ల టైం లెక్కలో 40.5 అవుతుంది. అది పట్టికలో స్థానం తెలుసుకోవడానికి బాగానే పనికొస్తుంది గానీ కారులో ఒక బోల్టు తిప్పితే ఏమైందో చెప్పదు.

అందుకే మేం రెండు పనులు చేశాం. మొదటిది, మా ప్రాంతంలో ఏళ్ళ తరబడి ఇదే క్లాసులో నడుపుతూ, జాతీయ పోటీలకి క్రమం తప్పకుండా వెళ్ళే ఇద్దరు సీనియర్ల టైములని గీటురాయిగా పెట్టుకున్నాం. ప్రతి ఈవెంట్ తర్వాత వాళ్ళ సగటుకి మేం ఎంత శాతం వెనక ఉన్నామో రాసుకున్నాం. వాళ్ళ స్థాయి పెద్దగా మారదు కాబట్టి శాతం తగ్గితే మేం ముందుకి జరిగినట్టే. రెండోది, ఫోన్‌లో రేస్‌క్రోనో యాప్, దానికి తోడు సెకనుకి పదిసార్లు చదివే ఒక జీపీఎస్ రిసీవర్. ఫోన్‌లోని జీపీఎస్ మామూలుగా సెకనుకి ఒక్కసారే చదువుతుంది. గంటకి 40 మైళ్ళ వేగంలో సెకనులో కారు 58 అడుగులు దాటిపోతుంది, అంటే రెండు చదువుల మధ్య ఒక మలుపు సగం అయిపోతుంది. ఆటోక్రాస్‌కి అది చాలదు.

ఇద్దరం ఒకే కారు నడపడం వల్ల ఒక పెద్ద లాభం ఉంది. అదే కోర్సు, అదే టైర్లు, పది నిమిషాల తేడాలో ఇద్దరు డ్రైవర్లు. మలుపులో ఒకరికి టైం పోయి ఇంకొకరికి పోకపోతే అది డ్రైవర్ సమస్య. ఇద్దరికీ అదే చోట, అదే తీరుగా పోతే అప్పుడు కారు వైపు చూడాలి. ఈ ఒక్క నియమం మాకు బోలెడంత డబ్బు మిగిల్చింది.

సీజన్‌లో కనబడింది

ఏప్రిల్‌లో మొదలుపెట్టినప్పుడు సీనియర్లకి దాదాపు 7 శాతం వెనక ఉన్నాం. 50 సెకన్ల కోర్సులో అది మూడున్నర సెకన్లు. అక్టోబర్ చివరికి మూడున్నర శాతానికి వచ్చాం, కారులో ఒక్క పార్టూ మార్చకుండా. అందులో ఎక్కువ భాగం దూరం తగ్గించుకోవడం వల్ల వచ్చింది. లెక్క చాలా మామూలుది: 40 మైళ్ళ వేగంలో ఆరు అడుగులు ఎక్కువ తిరిగితే సెకనులో పదో వంతు పోతుంది. స్లాలమ్‌లో (వరసగా పెట్టిన కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ వెళ్ళే భాగం) ప్రతి కోన్ దగ్గరా రెండడుగులు ఖాళీ వదిలేస్తూ పోతే, పైగా ఒక పెద్ద మలుపులో ఒక కారు వెడల్పు బయటికి జారితే, ఆ సెకన్లు ఏ షాక్ అబ్జార్బర్ కూడా తిరిగి తెచ్చివ్వదు. కోన్‌కి అంగుళాల దూరంలో వెళ్ళడం, స్లాలమ్‌లో కోన్ దాటకముందే తర్వాతి కోన్ కోసం స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టడం, చూపు ఎప్పుడూ రెండు మలుపుల ముందు ఉంచడం, ఇవి వచ్చేకొద్దీ శాతం దానంతట అదే తగ్గుతూ వచ్చింది. ఎవల్యూషన్ అనే ఆటోక్రాస్ స్కూల్ ఒకటుంది, దేశమంతా తిరిగి క్లాసులు పెడుతుంది. పార్టుల డబ్బుతో ముందు అలాంటి స్కూలుకి వెళ్ళమని నేను అడిగిన ప్రతివాళ్ళకీ చెబుతాను.

సీటు బెల్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది పైసా ఖర్చు లేని మార్పు. సీటు పూర్తిగా వెనక్కి జరిపి, బెల్టు పెట్టుకుని, ఒక్కసారి గట్టిగా గుంజితే బెల్టు లాక్ అవుతుంది, అలాగే పట్టుకుని సీటు ముందుకి జరుపుకుంటే నడుము కదలకుండా బిగుసుకుంటుంది. ఒళ్ళు ఊగుతుంటే చేతులు స్టీరింగ్‌ని ఆసరాగా పట్టుకుంటాయి, అప్పుడు టైరు చెప్పే విషయం చేతికి తెలియదు. బెల్టు బిగించుకున్నాక మా ఇద్దరికీ స్టీరింగ్ తేలికపడింది.

జులై నాటికి డ్రైవర్ తేడాలు తగ్గిపోయి ఇద్దరి డేటా గీతలూ ఒకదాని మీద ఒకటి పడడం మొదలైంది. అప్పుడు కారు లోపం బయటపడింది. వేగం తగ్గించి తిరగాల్సిన పొడవాటి మలుపుల్లో ఇద్దరికీ ఒకేలా ముందు భాగం బయటికి జారుతోంది. ఒక రన్ అయ్యాక తమ్ముడు హెల్మెట్ తీస్తూనే అన్నాడు, "అన్నా, నేను తిప్పుతూనే ఉన్నా, కారు మాత్రం తిరగట్లేదు, టైరు అరుపు ఒక్కటే పెరుగుతోంది."

"నెక్స్ట్ రన్‌లో అక్కడ స్టీరింగ్ కొంచెం వదులు చేసి చూడు. ఎంత తిప్పావో అందులో ఓ పావు వంతు వెనక్కి తీసెయ్యి."

చేశాడు, ముందు టైరు కొంచెం పట్టుకుంది. టైరుకి ఒక కోణం దాకా తిప్పితే పట్టు పెరుగుతుంది, ఆ కోణం దాటితే తగ్గుతుంది. మా కారులో ఆ హద్దు ఉండాల్సినదానికంటే ముందే వచ్చేస్తోంది, అదీ సమస్య.

దానికి సాక్ష్యం టైరు మీదే కనబడింది. రన్‌కి ముందు టైరు భుజం మీద సుద్దతో ఒక గీత గీసి, రన్ అయ్యాక ఎంతవరకు చెరిగిపోయిందో చూస్తే టైరు ఎంత పక్కకి ఒరుగుతోందో తెలుస్తుంది. టైరు పక్కన చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది, సుద్ద అక్కడిదాకా చెరిగితే సరే. మావి ముందు టైర్లు రెండూ ఆ త్రిభుజం దాటి పక్క గోడ మీదికి దొర్లుతున్నాయి. బయటి అంచు రబ్బరు చిన్న చిన్న ఉండలుగా చుట్టుకుపోయి, వేలితో రాస్తే పొడిలా రాలేది. అదే టైరు లోపలి అంచు మాత్రం కొత్తగా కొన్న రోజున ఉన్నట్టే నిగనిగలాడేది. సూది గుచ్చి చూసే పైరోమీటర్‌తో రన్ అయిన వెంటనే చూస్తే బయటి అంచు 160 ఫారెన్‌హీట్, మధ్యలో 140, లోపల 120. అంటే మనం డబ్బు పెట్టి కొన్న రబ్బరులో మూడో వంతు మలుపులో దాదాపు పనే చెయ్యట్లేదు.

గాలి పెంచి చూశాం. ముందు టైర్లలో 30 పీఎస్ఐ నుంచి 34కి తీసుకెళ్తే దొర్లడం తగ్గింది, పట్టు కూడా తగ్గింది. గాలితో ఈ సమస్య తీరదని అక్కడే తేలిపోయింది. వెనక టైర్లలో మాత్రం మూడు చోట్లా వేడి దగ్గర దగ్గరగా ఉంది, వాటి జోలికి వెళ్ళలేదు.

రెండో విషయం స్లాలమ్. మొదటి రెండు కోన్ల దగ్గర కారు చెప్పినట్టు వింటుంది, మూడో కోన్ దగ్గరికి వచ్చేసరికి ఒక పక్కకి ఒరిగిన బాడీ ఇంకా లేవకముందే రెండో పక్కకి తిప్పాల్సి వస్తుంది, నాలుగో కోన్ దగ్గర కారు మన కంటే సగం అడుగు వెనక ఉంటుంది. యాక్సిలరేటర్ కాస్త వదలక తప్పదు. ఇదీ ఇద్దరికీ, ప్రతి ఈవెంట్‌లోనూ.

కాబట్టి నవంబర్‌లో నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చుంటే అందులో ఉన్నవి రెండే ఫిర్యాదులు: ముందు టైరు నిటారుగా నేల మీద కూర్చోవట్లేదు, బాడీ ఊగుడు సమయానికి ఆగట్లేదు. ఇంజను పవర్ చాలట్లేదని ఎక్కడా లేదు. 181 హార్స్‌పవర్, 1,060 కిలోల చుట్టుపక్కల బరువు, 7,500 దాకా తిరిగే ఇంజను, ఈ కోర్సులకి అది ధారాళంగా సరిపోతుంది. బ్రేకులు వేడెక్కాయని కూడా లేదు, యాభై సెకన్లలో బ్రేక్ తొక్కేది నాలుగైదు సార్లే. అందుకే సైలెన్సర్, బ్రేక్ ప్యాడ్లు, తేలిక చక్రాలు మూడూ పక్కన పెట్టేశాం. తేలిక చక్రాల మీద తమ్ముడికి చాలా మోజు ఉండేది, బాగుంటాయి కూడా, కానీ వాటికి పెట్టే వెయ్యి డాలర్ల పైచిలుకు ఆ రెండు ఫిర్యాదుల్లో ఒక్కదానికీ జవాబు కాదు.

చలికాలం పని

మిషిగన్ చలికాలంలో మొదటి పని కారుని రోడ్డు మీద నుంచి తీసెయ్యడం. రోడ్ల మీద చల్లే ఉప్పు సస్పెన్షన్ బోల్టులని తినేస్తుంది, ఒకసారి అలైన్‌మెంట్ బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోతే తర్వాత ఏ సర్దుబాటూ జరగదు. ఈ మెత్తటి టైర్లని చలిలో ఉంచకూడదన్నది చాలామందికి తెలియదు. మైనస్ 7 సెల్సియస్ కంటే చల్లబడ్డాక అవి గట్టిపడి, అప్పుడు కదిలిస్తే రబ్బరు పగుళ్ళిచ్చే ప్రమాదం ఉంది. అందుకని టైర్లు విప్పి ఇంట్లో బేస్‌మెంట్‌లో పెట్టాం, కారుని పాత చక్రాల మీద గరాజ్‌లో ఉంచి బ్యాటరీకి ఛార్జర్ తగిలించాం. ఏటా మార్చే బ్రేక్ ఆయిల్ కూడా అప్పుడే మార్చాం, అది గాలిలో తేమ పీలుస్తుంది కాబట్టి.

తర్వాత ముందు స్వే బార్. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పుస్తకం ప్రకారం చూస్తే ఇది తలకిందులుగా కనబడుతుంది. ముందు బార్ గట్టిదైతే మలుపులో ముందు రెండు టైర్ల మధ్య బరువు ఎక్కువగా బయటి టైరు మీదికి మారుతుంది, అలా మారితే ముందు పట్టు తగ్గాలి, అంటే మా జబ్బు ఇంకా ముదరాలి. మియాటాలో అలా జరగకపోవడానికి కారణం ఉంది. స్ట్రీట్ రూల్స్‌లో స్ప్రింగులు మెత్తవి, కారు బాగా ఒరుగుతుంది, ఒరిగినప్పుడు బయటి టైరు కూడా బాడీతో పాటు బయటికి వాలిపోయి అంచు మీద నిలబడుతుంది. గట్టి బార్ ఆ ఒరగడాన్ని తగ్గించి టైరుని చదునుగా కూర్చోబెడుతుంది. బరువు మార్పు వల్ల పోయేదానికంటే టైరు చదునుగా ఉండడం వల్ల వచ్చేది ఎక్కువ. ఇంకో లాభం వెనక వైపు: ఒరుగుడు భారం ముందు బార్ మోస్తుంది కాబట్టి లోపలి వెనక చక్రం మీద బరువు మిగిలి ఉంటుంది, మలుపు మధ్య నుంచే గ్యాస్ తొక్కడానికి వీలవుతుంది. మూడు రంధ్రాలున్న బార్ తీసుకున్నాం, లింకు (బార్‌ని సస్పెన్షన్‌కి కలిపే కడ్డీ) ఏ రంధ్రంలో పెడితే ఎంత గట్టిదనం అన్నది మన చేతిలో ఉంటుంది. లింకులతో కలిపి ఐదు వందల డాలర్లకి అటూ ఇటూ అయింది.

తర్వాత షాక్ అబ్జార్బర్లు. షాకుల పని తలుపుకి బిగించే డోర్ క్లోజర్ పని లాంటిది, తలుపు మూసుకోకుండా ఆపదు, ఎంత వేగంగా మూసుకోవాలో చెబుతుంది. పొడవాటి మలుపులో కారు చివరికి ఎంత ఒరగాలన్నది స్ప్రింగులూ బారూ తేలుస్తాయి, ఎంత త్వరగా ఒరిగి ఎంత త్వరగా లేవాలన్నది షాకులు తేలుస్తాయి. స్లాలమ్ అంతా ఈ రెండోదే. కంపెనీ ఇచ్చినవి రోడ్డు మీద హాయిగా ఉంటాయి, కానీ ఇంత పట్టున్న టైర్లు వేస్తే స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు సరిపడా బిగించి పట్టుకోలేవు. ఆ సాగేటప్పటి బిగువు, అంటే రీబౌండ్, ఒక్కటే తిప్పుకునే షాకులు నాలుగు కొన్నాం, దాదాపు తొమ్మిది వందల డాలర్లు. సాగేటప్పుడూ కుదించుకునేటప్పుడూ రెండు బిగువులూ తిప్పుకునేవి మూడు రెట్లు ఖరీదు, మాకు ఇంకా ఆ అవసరం రాలేదు.

వీటిని బిగించేటప్పుడు ఒక విషయం మీద నేను చాలా పట్టుదలగా ఉంటాను. సస్పెన్షన్ చేతుల చివర రబ్బరు బుష్‌లు ఉంటాయి. కారు జాక్ మీద ఉండి చక్రాలు కిందికి వేలాడుతున్నప్పుడు ఆ బోల్టులు పూర్తిగా బిగిస్తే, కారు కిందికి దించగానే రబ్బరు మెలితిరిగిపోయి ఎప్పుడూ ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది, కారు ఎత్తు కూడా కొద్దిగా మారుతుంది. కాబట్టి బోల్టులు వదులుగా పెట్టి, కారుని దించి, చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టి, కారు తన బరువు మీద తాను నిలబడ్డాక కింద దూరి టార్క్ రెంచ్‌తో బిగించాలి. జనవరి చలిలో గరాజ్ నేల మీద వీపు ఆనించి ఆ పని చెయ్యడం ఒంటికి హాయిగా ఏమీ ఉండదు, అయినా ఈ ఒక్క మెట్టు దాటేస్తే మిగతా ఖర్చంతా సగం వృథా.

అలైన్‌మెంట్ అన్నిటికంటే చివర, మార్చిలో. ఖర్చు రెండు వందల లోపే, నా ఉద్దేశంలో మొత్తం పనిలో డాలర్‌కి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. ముందు క్యాంబర్ (చక్రం నిటారుగా కాకుండా ఎంత వాలి ఉందో ఆ కోణం, మైనస్ అంటే పైభాగం లోపలికి) ఎడమ వైపు మైనస్ 1.1 డిగ్రీలు, కుడి వైపు మైనస్ 1.3 ఉండేది. క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) కొంత వదులుకుంటే ఈ కారులో ఇంకాస్త క్యాంబర్ దొరుకుతుంది, అలా రెండు వైపులా మైనస్ 1.6కి తెచ్చాం. ముందు చక్రాలు ఒక వెంట్రుకవాసి బయటికి చూసేలా, వెనకవి కొద్దిగా లోపలికి చూసేలా టో పెట్టించాం. మొదటిది మలుపులోకి చురుగ్గా దింపుతుంది, రెండోది వెనక భాగాన్ని నిలకడగా ఉంచుతుంది. డ్రైవర్ సీట్లో నా బరువుకి సరిపడా ఇసుక బస్తాలు పెట్టి మరీ కొలిపించాం. ఇంత తేలిక కారులో మనిషి కూర్చుంటే కొలత మారుతుంది. షాపులో ఆ మెకానిక్‌కి ముందే కాగితం మీద అన్ని అంకెలూ రాసిచ్చాను. "కంపెనీ స్పెక్‌లో పెట్టండి" అని వదిలేస్తే మెషిన్ తెర మీది పచ్చరంగు గీతల మధ్యలోకి తెచ్చి ఇచ్చేస్తారు, రోడ్డు కారుకి అది సరైనదే, మనకి మాత్రం పనికిరాదు.

టైర్లు కూడా కొత్తవి వేశాం, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్ఎస్, మళ్ళీ అదే 205/45ఆర్17 సైజు. యోకొహామా ఏ052 చల్లటి రోజున, ఒక్క డ్రైవర్‌కి గొప్పగా ఉంటుంది. కానీ ఇద్దరు నడిపే కారులో జులై ఎండకి అది త్వరగా వేడెక్కి మెత్తబడిపోతుంది, రన్‌కీ రన్‌కీ మధ్య నీళ్ళు చల్లుతూ ఉండాలి. మా పరిస్థితికి మొదటిదే నయమనుకున్నాం.

వసంతంలో పరీక్ష

పార్టులన్నీ ఒకేసారి వేసి నేరుగా పోటీకి వెళ్తే ఏది ఎంత ఇచ్చిందో ఎప్పటికీ తెలియదు. ఏప్రిల్‌లో టెస్ట్ రోజు పెట్టినప్పుడు వెళ్ళి, కోర్సు మారదు కాబట్టి, ఒక్కో సెట్టింగ్‌నీ పాతది, మార్పు, మళ్ళీ పాతది అనే వరసలో చూశాం. మూడోసారి వెనక్కి వెళ్ళడం తప్పనిసరి. పొద్దున చల్లగా ఉన్న నేల మధ్యాహ్నానికి వేడెక్కి పట్టు పెరుగుతుంది, డ్రైవర్‌కి కోర్సు అలవాటవుతుంది, ఈ రెండూ టైం తగ్గిస్తాయి, మనం మాత్రం ఆ ఘనత పార్టుకి ఇచ్చేస్తాం. వెనక్కి వెళ్ళినప్పుడు టైం మళ్ళీ పెరిగితేనే అది పార్టు చేసిన పని.

రీబౌండ్ బాగా మెత్తగా పెట్టి, మధ్యకి తెచ్చి, మళ్ళీ మెత్తగా పెట్టి చూస్తే మధ్య సెట్టింగ్ ఇద్దరికీ సెకనులో రెండు మూడు పదో వంతులు ఇచ్చింది, డేటాలో చూస్తే ఆ లాభం దాదాపు మొత్తం స్లాలమ్ చివరి కోన్ల దగ్గరే. పూర్తిగా గట్టిగా పెడితే మళ్ళీ పోయింది, పార్కింగ్ లాట్ అతుకుల మీద టైరు ఎగురుతోంది. బార్ విషయంలో మధ్య రంధ్రం బాగుంది, గట్టి రంధ్రంలో స్లాలమ్ ఇంకా చురుగ్గా ఉన్నా పొడవాటి మలుపులో ముందు భాగం మళ్ళీ జారడం మొదలైంది. ముందు టైరు వేడి ఇప్పుడు బయట 150, మధ్యలో 145, లోపల 135. సుద్ద గీత త్రిభుజం దగ్గర ఆగిపోతోంది. ఆ మూడు అంకెలు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ ట్రోఫీకీ తక్కువ కాదు.

పోటీల్లో తేడా: సీజన్ చివర్లో మూడున్నర శాతం ఉన్నది, మొదటి కొన్ని ఈవెంట్ల తర్వాత రెండు శాతం దగ్గర నిలిచింది. 50 సెకన్లలో ముప్పావు సెకను. అందులో కొత్త టైర్ల వాటా ఎంతో విడదీయలేం, అరిగినవీ కొత్తవీ ఒకే రోజు పోల్చి చూడలేదు కాబట్టి. షాకుల వాటా మాత్రం పరీక్షలో చేతికి దొరికింది. మొత్తం ఖర్చు టైర్లతో కలిపి రెండున్నర వేల డాలర్ల చుట్టుపక్కల అయింది, అంతకుముందు మూడున్నర శాతం తగ్గించుకోవడానికి ఈవెంట్ ఫీజులు, పెట్రోలు తప్ప ఏమీ కాలేదు. కొత్తగా వచ్చేవాళ్ళు ఈ రెండు అంకెలనీ పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలని నా కోరిక.

ఇప్పుడు నోట్‌బుక్‌లో కొత్త ఫిర్యాదు ఒకటి చేరింది. ముందు భాగం పట్టు పెరిగాక, వేగంగా వెళ్తూ గ్యాస్ ఒక్కసారిగా వదిలితే వెనక భాగం పక్కకి అడుగేస్తోంది, అదీ ఎడమ మలుపుల్లో ఎక్కువ. ఇద్దరికీ వస్తోంది కాబట్టి డ్రైవర్ లెక్కలో వెయ్యట్లేదు. వెనక రీబౌండ్ ఒక పావు తిప్పు తగ్గించి, వెనక గాలి ఒక పీఎస్ఐ దించి చూడాలనుకుంటున్నాం, ఒకేసారి రెండూ కాదు, మొదట గాలి. దానితో పోకపోతే వెనక టో మళ్ళీ కొలిపిస్తాం, రెండు వైపులా సమానంగా ఉందో లేదో. లింకన్‌కి ఎంట్రీ కట్టేలోపు ఇది తేలాలి.